సాంసన్ వాటాకు వచ్చిన భాష

గోపాల్‌పేట నుంచి వనపర్తికి పోయే బస్సులో పక్క సీటు మనిషి గోళ్ళు ఒకసారి చూడండి. వాటిలో సిమెంటు ఉంటే ఆయన పుణె నుంచి వస్తున్నట్టు, లేకుంటే పుణెకు పోతున్నట్టు. మా దిక్కు మగవాళ్ళు ఈ రెండు రకాలే. మా ఇంటి వెనక ఉండే బుజ్జమ్మ కొడుకు సాంసన్ మీసం రాకముందు నుంచీ ఈ రెండు రకాల్లో ఏదో ఒకటిగా ఉంటూ వచ్చాడు.

వాడు ఎంత నెమ్మదస్తుడంటే, తేలు కుట్టినా 'అయ్యా, మీరు ఎవరింటి తేలు?' అని మర్యాదగా అడిగే రకం అనుకునేవాళ్ళం. అది మా పొరపాటు. వాడు అడిగే రకం కూడా కాదు. కుట్టించుకుని 'సరే' అనే రకం.

కూలి గుంపులో వాడికి గోడ పనితో పాటు వంట పని కూడా ఉండేది. పెళ్ళి వడ్డేపల్లి పిల్లతో అయింది. పేరు వసంత. పత్తి సీడు చేలలో పూలు క్రాసింగ్ చేసే పనిలో ఆమె చేయి గడియారం ముల్లులా ఆడుతుంది. నోరు అంతకంటే వేగం. పెళ్ళయిన నాటి నుంచి వాళ్ళిద్దరూ ఒకే కప్పు కింద ఉన్న రోజులన్నీ కూడితే ఒక్క వానాకాలం కూడా కాదు. వాడు వచ్చేసరికి ఆమె చేలల్లో ఉంటుంది, ఆమె వచ్చేసరికి వాడి బస్సు కదులుతుంది.

ఇట్లా ఉండగా వాళ్ళ గుంపు మేస్త్రి జంగయ్య ఒకనాడు సాంసన్‌నూ, గుంపులోనే పనిచేసే భీమన్ననూ వెంటేసుకుని మా ఇంటికి వచ్చాడు. జంగయ్యది నాగర్‌కర్నూల్ దిక్కు. కూలి గుంపులను తోలుకుపోయి తోలుకురావడంలో తల నెరిసింది. కాన్వెంటులో చదువుకున్నానని నా మీద ఆయనకు కాస్త గురి.

"పెద్దయ్యా, క్రొయేషియా అని దేశముందంట. గోడలు కట్టెటోళ్ళు కావాల్నంట. జర యాడుందో చూడు" అన్నాడు.

నా బడి నాటి అట్లాసు తెరిచాను. ఆ దేశం లేదు. నేను చదువుకున్న రోజుల్లో అది ఇంకో దేశం కడుపులో ఉండేది. మనవరాలి ఫోనులో వెతికితే దొరికింది. సగం కొరికి వదిలేసిన జొన్నరొట్టెలా ఉంది. కొరికిన వైపంతా వేరే దేశం, కింది అంచున సముద్రం, ఆ సముద్రంలో రొట్టె పొడి రాలినట్టు ద్వీపాలు.

పనికి పంపేవాడు ఒక పలచటి పుస్తకం ఇచ్చాడట, అక్కడి భాష నేర్చుకోవడానికి. అక్షరాలు ఇంగ్లీషువే గానీ కొన్నింటి నెత్తిన చిన్న చిన్న టోపీలున్నాయి. టోపీ పెట్టుకుంటే 'స' కాస్తా 'ష' అవుతుంది. రాసినట్టే చదవాలి, మన తెలుగులాగానే. ఆ ఒక్క సంగతికి నేను చాలా సంతోషించి, ముగ్గురికీ రోజూ సాయంత్రం చెప్పడానికి ఒప్పుకున్నాను.

కానీ జంగయ్య పద్ధతి వేరు. గుంపులో ఎవరి పని వారిది. ఒకడు సుత్తె మోస్తాడు, ఒకడు వంట గిన్నె మోస్తాడు. గిన్నె మోసేవాడు సుత్తె గురించి ఆలోచించడు. జంగయ్య పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, నా కళ్ళ ముందే మూడు ముక్కలుగా చింపాడు.

"ముందటి ముక్క నాది. సేటుతోని మాట్లాడేది నేనే గద. నమస్తెలు, మంచీచెడ్డ, అన్నీ నాయి. నడిమి ముక్క భీమన్నది. లెక్కలు, కొలతలు, సామాన్లు. ఎనక ముక్క సాంసన్‌ది. ఉప్పు, నూనె, పాలు, ఉల్లిగడ్డ."

"ముగ్గురినీ తలా ఒక చోట వేస్తే ఏం చేస్తారు?" అన్నాను.

జంగయ్య నవ్వాడు. "గుంపు ఇడిపోతదా పెద్దయ్యా? నా జిందగీల సూడలే."

సాంసన్ తన ముక్క మడిచి జేబులో పెట్టుకుని "సరే" అన్నాడు.

విమానం దిగిన చోట మూడు బండ్లు ఆగి ఉన్నాయి. ఎవరి బండి వారిది. జంగయ్యను ఉత్తరాన కొండల్లోకి, జాగొర్యె అనే సీమకు తీసుకుపోయారు. భీమన్నను తూర్పున స్లవోనియ అనే చోటికి తోలారు. అది అలంపూర్ దిక్కు రేగడిలాగా చూసినంత మేర చదును. సాంసన్ బండి సముద్రం దాకా పోయి, అక్కడ పడవ ఎక్కి ఒక ద్వీపం మీద దిగింది. ఉప్పు, నూనె, పాలు, ఉల్లిగడ్డ తప్ప ఇంకేమీ తెలియని మనిషి, రాళ్ళ గోడలు కట్టే ఒక ముసలి మేస్త్రి ముందు ఒంటరిగా నిలబడ్డాడు.

ఆ మేస్త్రి పేరు యూరె. అక్కడ పెద్ద వయసు మగవాళ్ళను 'బార్బ' అంటారు, మనం మామా అన్నట్టు. బార్బ యూరె చెల్లెలు లూత్సియకు రేవు పక్కన అతిథులు దిగే ఇల్లు ఉంది. ఆమెను 'తేత' అనాలి, అంటే అత్త. తేత లూత్సియ నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడుతుంది. మొదటి ఆదివారమే సాంసన్ ఫోనులో నాతో మాట్లాడింది. ఎండాకాలం అతిథులు వచ్చేనాటికి వంటింట్లో ఆమెకు ఒక మనిషి కావాలి. సాంసన్ భార్య వస్తానంటే తీసుకుంటుంది. కాకపోతే ముందు ఆ చలికాలం గడిచేలోగా వాళ్ళ అన్న సాంసన్‌ను ఉంచుకుంటానని చెప్పాలి. లేకుంటే ఇద్దరికీ ఏమీ లేదు.

ఈ మాట చెప్పగానే వసంత చేతిలోని చాట కింద పెట్టింది. "ఒక్క ఇంట్ల ఉంటమా తాతా?" అంది. ఆమె అంత తక్కువ మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను.

ఆ తరువాత ప్రతి ఆదివారం ముగ్గురూ ఫోనులో కలిసేవాళ్ళు. వసంత ఫోను పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేది. చింపిన పుస్తకాన్ని మళ్ళీ కుట్టుకుందామని వాళ్ళ ఆశ.

మొదట జంగయ్య గొంతు వినపడింది. "పెద్దయ్యా, మోసమైంది! నన్ను మళ్ళ మహారాష్ట్రకే తోలిండ్రు!"

"బయట ఏం కనపడుతోంది?"

"మంచు."

"పుణెలో మంచు పడుతుందా?"

"పడది. గని ఈళ్ళు ప్రతి మాటకు 'కాయ్, కాయ్' అంటుండ్రు. ఏంది అననీకి కాయ్ అనేది మరాఠోళ్ళు గాక ఇంకెవరు?"

"మేస్త్రీ, నాతాన ఎవ్వరు కాయ్ అనరు" అన్నాడు భీమన్న. "ఈడ ఏంది అంటే 'ష్తొ' అంటరు. బుక్కుల గూడ గదే ఉంది."

"ఈడ రెండు గాదు అన్నా" అన్నాడు సాంసన్, సముద్రపు గాలి హోరులోంచి. "ఈడ 'చా' అంటరు."

"చాయ్ ఇస్తుండ్రా?" అంది వసంత.

"చాయ్ గాదే, చా. ఏంది అని."

ముగ్గురూ ఒకే దేశంలో దిగారా అని నాకే అనుమానం వచ్చింది. మనవరాలిని పట్టుకుని వారమంతా వెతికించాను. దిగింది ఒకే దేశంలోనే. భాష కూడా ఒకటే, క్రొయేషియన్. కానీ దానికి మూడు శాఖలు. 'ఏంది' అనడానికి ఏ మాట వాడతారో, ఆ మాటే ఆ శాఖకు పేరు. ష్తొ అనేవాళ్ళది ష్తొకావ్‌స్కి. బడి పుస్తకాలూ టీవీ వార్తలూ దాని మీదే నిలబడ్డాయి. ఉత్తరాన కాయ్ అనేవాళ్ళది కాయ్‌కావ్‌స్కి. ద్వీపాల్లో, సముద్రం అంచున చా అనేవాళ్ళది చాకావ్‌స్కి. మన దగ్గర మాత్రం లేదా? మనం ఏంది అంటాం, టీవీలో ఏమిటి అంటారు, గద్వాల దాటి కాస్త పోతే కన్నడం కలిసి 'ఏను' వినపడుతుంది. కానీ మనం మన తెలుగుకు 'ఏంది తెలుగు' అని పేరు పెట్టుకోలేదు. వాళ్ళు పెట్టుకున్నారు. అడిగే మాటతో భాషను పిలిచే జనం.

పోనీ, పాలైనా అందరికీ ఒకటేనా అంటే అదీ కాదు. సాంసన్ వాటా కాగితంలో పాలు 'మ్లియెకొ'. జంగయ్య ఉన్న కొండల్లో 'మ్లేకొ'. సాంసన్ కొట్టుకు పోయి కాగితంలో ఉన్నట్టే అడిగితే, ద్వీపం వాళ్ళు పాలు ఇచ్చి, నవ్వి, "మ్లికొ" అన్నారు. ముళ్ళచెంచాకు కాగితంలో 'విలిత్స', అక్కడ 'పిరూన్'. పళ్ళేనికి కాగితంలో 'తన్యూర్', అక్కడ 'పియాత్'. ఆ సముద్రానికి అవతలి ఒడ్డు ఇటలీ. ఎన్నో తరాల కింద వెనిస్ ఓడలు వచ్చిపోతూ ఉండేవట, వంటింటి మాటలన్నీ మార్చిపోయాయి. అంటే గుంపు మొత్తంలో ఆ ద్వీపం మీద అన్నిటికంటే తక్కువగా పనికొచ్చే ముక్క ఏదో, సరిగ్గా అదే మా సాంసన్ వాటాకు వచ్చింది.

సుత్తె మాట కోసం భీమన్నను అడిగాడు. "చెకిచ్" అన్నాడు భీమన్న. తెల్లారి బార్బ యూరె రాళ్ళ సుత్తెను చూపించి "మాత్సొల!" అని అరిచాడు. సాంసన్ చెకిచ్ కోసం వెతుకుతూనే ఉన్నాడు.

"అన్నా, నీ మాటలు ఈడ నడుస్తలేవు."

"నా మాటలు నా ఊర్లె మంచిగనే నడుస్తున్నయి. నీ ఊర్లెనే ఏదో గడబిడుంది."

ద్వీపం వాళ్ళకు సాంసన్ మాట అర్థమయ్యేది. వాళ్ళూ బడికి పోయినవాళ్ళే, టీవీ చూసేవాళ్ళే. వాళ్ళ మాటే వాడికి అర్థమయ్యేది కాదు. వాడికి వచ్చిన ఉపాయం ఒక్కటే, 'దొబ్రొ'. అంటే మంచిది, సరే. అది అసలు జంగయ్య వాటాలోని మాట, వీడు అడిగి తెచ్చుకున్నాడు. బార్బ ఏం చెప్పినా "దొబ్రొ, దొబ్రొ" అనేవాడు. తరువాత పక్కవాళ్ళు ఏం చేస్తారో చూసి అదే చేసేవాడు. చర్చికి పోతే కూడా అంతే. మా ఊరి చర్చిలో అలవాటు లేని పద్ధతి అది, లేవడం, కూర్చోవడం, మోకరించడం. ముందు వరుసలోని ముసలమ్మను చూసి వీడు లేచేవాడు. ఆమె మోకాలి నొప్పికి మధ్యలో కూర్చుంటే వీడూ కూర్చునేవాడు. ఒకనాడు ఆమె తుమ్మింది. వీడు కూడా తుమ్మాడు. తుమ్మలేదని వాడు అంటాడు. మీరు నా మాటే నమ్మండి.

అక్కడి గాలికి 'బూర' అని పేరు. కొండ మీంచి సముద్రంలోకి దూకుతుంది. ఒకసారి తినబోతున్న రొట్టె చేతిలోంచి లేచిపోయి పక్క ద్వీపంలో పడిందట. ఆ ద్వీపం వాళ్ళు తిని, ఉప్పు తక్కువైందని కబురు పంపారట. ఇది సాంసన్ చెప్పిందే. నేను కలిపింది ఉప్పు ఒక్కటే.

చూసి చేసే పద్ధతి పక్కన మనిషి ఉన్నంత వరకు బాగానే నడిచింది. చలికాలం చివర్లో బార్బ యూరె పళ్ళు కట్టించుకోవడానికి పట్నానికి పోవలసి వచ్చింది. మిగతా పనివాళ్ళు రేవులో వేరే పనిలో ఉన్నారు. కొండ మీద ఆలివ్ తోట గోడ ఒకటి కూలి ఉంది. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చే గోడ, మన చేను గట్ల మీద పేర్చే కట్టలాంటిదే. బార్బ సాంసన్‌ను అక్కడికి తీసుకుపోయి, ఇక్కడి నుంచి అక్కడి దాకా చేయి ఊపి, మధ్యలో ఒక చోట నిలబడి చాలాసేపు ఏదో చెప్పాడు. 

"దొబ్రొ" అన్నాడు సాంసన్.

బార్బ ఇంకోసారి చెప్పాడు.

"దొబ్రొ, దొబ్రొ."

బార్బ పడవెక్కిపోయాడు. సాంసన్ తన ఒంట్లో ఉన్న పనితనమంతా పెట్టి గోడ కట్టాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క సందు లేదు. వేలు దూరదు. పక్క తోట ముసలాయన గాడిద ఆ గోడకు లోపల ఉంది. రోజూ అది వచ్చిపోయే దారి, బార్బ నిలబడి చెప్పిన చోటే. ముసలాయన వచ్చి గోడకు ఇవతల నిలబడి అరిచాడు. అవతల నుంచి గాడిద అరిచింది. సాంసన్ ఇద్దరికీ వినయంగా "దొబ్రొ" అన్నాడు.

కొత్త పళ్ళతో తిరిగొచ్చిన బార్బ యూరె గోడను చూశాడు. దారి మేరకు గోడ విప్పడం మొదలుపెట్టాడు. సాంసన్ కూడా చూసి విప్పాడు.

ఆ ఆదివారం వసంత పట్టుబట్టి నా చేత తేత లూత్సియకు ఫోను చేయించింది. ఆమె ఇంగ్లీషులో ఆగి ఆగి చెప్పింది. నేను తెలుగులో ఆగి ఆగి చెప్పాను.

"వాళ్ళ అన్న అంటున్నాడట, సాంసన్ చేయి మంచిదని. గోడ కూడా చక్కగా ఉందట. కానీ అన్నింటికీ సరే అనే మనిషితో పని చేయలేనంటున్నాడు. తెలిసిందో తెలియలేదో ఎట్లా తెలుస్తుంది? రేపు రాయి మీద పడేటప్పుడు తప్పుకో అన్నా సరే అంటాడు. ఇంకో వారం చూసి పడవ ఎక్కిస్తాడట."

వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత ఫోను లాక్కుని సాంసన్‌ను కలిపింది.

"తెల్వకుంటే తెల్వదని చెప్పనీకి నోరు లేదా నీకు?"

"మేస్త్రిని ఎట్ల అడుగుత వసంతా? మేస్త్రి చెప్పినంక మళ్ళ 'ఏంది' అంటే ఎదురు మాట్లాడినట్టు గాదా?"

అప్పుడు నాకు అర్థమైంది, వాడి తప్పు ఎక్కడుందో. మా గుంపుల్లో మేస్త్రి ఒకసారి చెబుతాడు. విన్నవాడు సరే అంటాడు. తెలియకపోతే పక్కవాడిని చూసి నేర్చుకుంటాడు. మేస్త్రిని తిరిగి 'ఏంది' అని అడిగినవాడు మరుసటి గుంపులో ఉండడు. ఈ నియమం నేర్పినవాడు జంగయ్యే. 'ఏంది' అనే మాట మీద భాషకు పేరు పెట్టుకున్న జనం నడుమ, మావాడు చలికాలమంతా ఆ మాట ఒక్కసారి కూడా అనకుండా గడిపాడు.

"జంగయ్య మామను, భీమన్నను గూడ కలుపు" అంది వసంత.

జంగయ్య ఫోనులోకి వచ్చాడు. గొంతు డీలాగా ఉంది. ఆయన కూడా దొబ్రొ దొబ్రొ అంటూ ఒక ఇంటికి వేయవలసిన రంగు పక్క ఇంటికి వేసి వచ్చాడని తరువాత తెలిసింది.

"మేస్త్రీ" అన్నాడు సాంసన్, "ఈడి మేస్త్రిని నేను 'ఏంది' అని అడగొచ్చునా?"

లైను తెగిందేమో అని వసంత ఫోనును కొట్టి చూసింది.

"అడుగు" అన్నాడు జంగయ్య చివరికి. "ఆ మేస్త్రిని అడుగు. నన్ను మాత్రం అడగకు."

"ఏమని అడగాలె?"

"కాయ్ అను. ఈడ అందరు గదే అంటరు."

"మేస్త్రీ, ష్తొ అనాలె" అన్నాడు భీమన్న. "బుక్కుల ఉన్నది గదే."

"ఆయన చా అంటడు గద అన్నా..."

"మేస్త్రి మాట మేస్త్రికే అంటవారా? బద్తమీజ్ అనుకోడా?" అన్నాడు జంగయ్య.

సాంసన్ "సరే" అన్నాడు. దేనికి సరే అన్నాడో మా ఎవరికీ తెలియలేదు.

మరునాటి సంగతి తేత లూత్సియ చెప్పింది, సాంసన్ చెప్పాడు, ఆ ద్వీపంలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారట. పొద్దున బార్బ యూరె తోటలో నిలబడి, గోడలో దారి ఎంత వెడల్పు వదలాలో చెప్పాడు. చెప్పి, అలవాటు ప్రకారం దొబ్రొ కోసం ఎదురుచూశాడు. సాంసన్ నోరు తెరిచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చెంపదెబ్బ పడితే తట్టుకోవడానికి కళ్ళు మూసుకున్నాడు. మూసుకుని, గుంపులో ఎవరి మాటా పోకుండా, అన్నీ ఒక్కసారే అనేశాడు.

"ష్తొ? కాయ్? చా?"

కళ్ళు తెరిచి చూస్తే బార్బ యూరె లేడు. కింద, గోడ రాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాడు సాంసన్. కొత్త పళ్ళు ఊడి పడతాయేమో అని చేత్తో పట్టుకుని మరీ నవ్వుతున్నాడు ముసలాయన. నవ్వు ఆగాక వేలు ఎత్తి, "చా" అన్నాడు. మిగతా రెండింటినీ చేత్తో సముద్రం అవతలికి తోసేశాడు.

"చా?" అన్నాడు సాంసన్.

బార్బ లేచి, గాడిదలాగా రెండు చేతులు నేల మీద పెట్టి, ఆ సందులోంచి అటు పోయి ఇటు వచ్చాడు. ఇరుపక్కలా గంపలు తగిలించుకున్న గాడిద ఎంత వెడల్పు ఉంటుందో మోచేతులు చాచి చూపించాడు. అదీ సంగతి. ఇంతకాలం అదే సంగతి.

ఆ రోజు సాంసన్ వరస పెట్టి చా అన్నాడు. రాయి చూపించి చా, మొక్క చూపించి చా, మబ్బు చూపించి చా. మధ్యాహ్నానికి బార్బకు విసుగు పుట్టింది. సాయంత్రానికి తేత లూత్సియతో చెప్పాడు, ఈ మనిషి నా ప్రాణం తీస్తున్నాడు, ఉండనీ అని. వారం చివర పడవ వచ్చింది. సాంసన్ దాన్ని రేవులో నిలబడి చూశాడు. ఎక్కలేదు.

వసంత కాగితాలు ఎండలు ముదిరేలోపు వచ్చాయి. ఆమె నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "తాతా, జంగయ్య మామ కాయ్ నేర్చుకో అంటుండు. భీమన్న ష్తొ అంటుండు. మా ఆయన చా అంటుండు. నాకు ఏదో ఒకటి చెప్పు."

నేను చాలాసేపు ఆలోచించాను. బడిలో, కచేరీలో ష్తొ పనికొస్తుంది. ఉండేది ద్వీపం గనక చా కావాలి. పడవ ఎక్కే ముందు ఎవరైనా కాయ్ అనేవాడు ఎదురుపడితే? చెబుతూ చెబుతూ నేనే ఎక్కడ మొదలుపెట్టానో మరిచిపోయాను. వసంత జాలిగా నా మొహం చూసింది.

"పోనియ్ తాతా. పోయినంక అడుగుత."

ప్రయాణానికి ముందు ఆదివారం సాంసన్ ఫోనులో జాగ్రత్తలు చెప్పాడు. మావాడికి అంత నోరు ఎప్పుడు వచ్చిందో!

"తేత ఏమన్న చెప్తే ఊకెనే దొబ్రొ అనకు వసంతా. సమజ్ గాకుంటే ఏంది అని అడుగు. సిగ్గు పడకు."

వసంత అప్పుడు జొన్నపిండి మూట కడుతోంది. నోటితో తాడు ముడి బిగించి, ఫోను వైపు తిరిగింది.

"పెండ్లయిన కాడికెంచి నిన్ను నేను ఏంది, ఏంది అని అడుగుతనే ఉన్న. ఒక్క దినమన్న జవాబు చెప్పినవా? ఉండు, వస్తున్న. ఒక్క ఇంట్లనే ఉంటం గద, ఇగ యాడికి పోతవ్?"

అవతల గాలి హోరుమంది.

"చా?" అన్నాడు సాంసన్.